నాలుగు చక్రాలూ వేడి

హలో… ఆ, నేనే. వార్దిస్‌నే. ఈ షెడ్డులో ఇంకెవరుంటారు…

ఎవరు? … ఏ సీఫిస్? …

ఓహో, నా తమ్ముడు సీఫిసా. గొంతు పోల్చుకోలేకపోయాను, ఏమనుకోకు. ఈ చలికాలమంతా నీ గొంతు నా చెవిన పడలేదుగా. నేను లేని చోట బాగానే వినిపించిందట. కనాకిస్ కాఫీ కొట్లో అయితే మరీ గట్టిగా…

లేదు, పెట్టెయ్యను. పనుంటే కదా పెట్టేసేది. షెడ్డులో ఒక్క బండి లేదు. బండ్లెత్తే లిఫ్టు మీద పిల్లి పడుకుంది. చెప్పు, వింటున్నా.

బ్రేకులా…

ఏ బండివి? … పికప్పా? నాన్న పాత పికప్పేనా? వార్దిస్ చేతికి ఇంకోసారి ఇస్తే నన్ను చెప్పుతో కొట్టండి అని ఊరందరి ముందూ అన్నావే, ఆ పికప్పేనా? …

అలా అనలేదా. మరెలా అన్నావు? … సరే, చెప్పు అనలేదు. బెల్టు అన్నావేమో. నేను అక్కడ లేను, నాకు మోసుకొచ్చినవాళ్ళు మార్చి చెప్పారేమో.

ఏమైంది బండికి? … 

ఆగు. కింది ఊరి మెకానిక్ ఉన్నాడుగా. నీ పెళ్ళాం రోదాంథి ఆ మలుపులో బండితో సహా పడ్డాక దాన్ని నా గుమ్మం ముందునుంచే లాక్కుపోయి అతనికిచ్చావు. ఒక్కసారి విప్పి చూస్తానురా, నా ఎదురుగా విప్పండిరా అని బతిమాలాను. చూడనిచ్చావా? … చూడనిచ్చావా అని అడుగుతున్నా. …

అదీ.

ఇప్పుడు అతని దగ్గరికే వెళ్ళు. … రెండుసార్లు బాగుచేశాడా? … రెండుసార్లూ మళ్ళీ పోయాయా. … ఊఁ. … ఊఁ. … చేతులెత్తేశాడా.

నవ్వడం లేదు. దగ్గొచ్చింది.

మంచి మెకానిక్ అన్నావే. నాలా పాత రబ్బర్లు వేసి కొత్తవాటికి డబ్బులు గుంజేవాడు కాదన్నావే. …

సరే. సరేలే. రోదాంథిని ఎప్పుడు తీసుకెళ్ళాలి? … రేపే ఆపరేషనా? … రెథిమ్నో పెద్దాసుపత్రిలోనా. … ఇంకో బండి అడగొచ్చుగా. … ఆ, పడుకోబెట్టి తీసుకెళ్ళాలి. నడుము విరిగిన మనిషిని కారులో మడిచి పెట్టలేవు. నిజమే. వెనక పరుపు వేసుకోవాలంటే పికప్పే కావాలి.

అందుకు గుర్తొచ్చాడా అన్న అనేవాడు. …

తిట్టడం లేదు. అడుగుతున్నా. తిట్టడం నీకు వచ్చినంత బాగా నాకు రాదు.

ఎక్కడున్నావ్ ఇప్పుడు? … పెరట్లోనేగా. బండి పక్కనే ఉందా. … ఫోన్ చెవికి పెట్టుకుని నేను చెప్పింది చెప్పినట్టు చెయ్. నీ తెలివి కలపకు. 

మొదట చక్రాలకి రాళ్ళు పెట్టు. ముందూ వెనకా. … పెట్టాకే మాట్లాడు. …

పెట్టావా. ఇప్పుడు చెప్పు. ముందు ఏం మొదలైంది? పెడల్ కిందికి పోవడమా, బండి బరువుగా నడవడమా? … ఆలోచించి చెప్పు. … బరువుగానా. ఎవరో వెనకనుంచి పట్టుకుని లాగుతున్నట్టు. … ఆ. ఎక్కుడులో మొరాయించింది. దిగుడులో కూడా యాక్సిలరేటర్ నొక్కాల్సొచ్చింది. … 

చక్రాలు పట్టుకు చూశావా? … చెయ్యి కాలిందా. ఏ చక్రం? … సరిగ్గా చెప్పు. ఏ చక్రం కాలింది, కుడిదా ఎడమదా, ముందుదా వెనకదా? …

నాలుగూనా.

నాలుగు చక్రాలూ వేడి. … నాలుగూ. … లేదు, ఏం లేదు. ఇంకోసారి అను, నాలుగూ వేడి అని. … ఊరికే. వినాలనిపించింది.

ఒక్క చక్రం వేడెక్కితే తప్పు ఆ చక్రంలో ఉంటుంది. నాలుగూ ఒకేలా వేడెక్కితే తప్పు పైన, పెడల్ దగ్గరి మాస్టర్ సిలిండర్లో ఉంటుంది. ఆ పైన ఉన్నది ఎవరు బిగించారు? … పేరు చెప్పు. … ఆ, కింది ఊరి మెకానిక్. కొత్తది, డబ్బాలోంచి నీ ఎదురుగా తీసి బిగించాడు. రసీదుతో సహా. నేను బిగించింది తీసి పారేశాడుగా? … మరి నా పాత రబ్బరు ఎక్కడుంది ఇప్పుడు ఆ బండిలో? … 

మాట్లాడు. నా రబ్బరు ఎక్కడుంది? …

లేదు. అంతే. చిన్న మాట. అనడానికి ఇంత సేపు పట్టింది.

సరే, స్పానర్ తే. ముందు చక్రం లోపలి వైపు, బ్రేకు పైపులోని గాలి తీసే చిన్న నట్టు ఉంటుంది. రబ్బరు టోపీ పెట్టి ఉంటుంది దానికి. … ఆ, అదే. మొహం దూరంగా పెట్టుకుని కొంచెం వదులు చెయ్. … వచ్చిందా? … చిమ్మిందా. చిమ్మి ఆగిందా. ఇప్పుడు చక్రం ఎత్తి తిప్పి చూడు. … జాకీ పెట్టు మరి, చేత్తో ఎత్తుతావా… నేను ఆగుతాలే. నాకేం, పిల్లి కూడా ఇంకా లేవలేదు. …

ఆ. … తిరుగుతోందా. ఎలా? … హాయిగా.

అంటే నువ్వు కాలు తీసినా బ్రేకు వదలడం లేదు. లోపలికి తోసింది వెనక్కి రావడం లేదు. ఏదో ఉబ్బి దారి మూసేసింది. కింది ఊరాయనకి ఇంత కూడా తెలియలేదా? … తెలిసి కొత్తది వేశాడా. కొత్తదీ ఉబ్బిందా. … మరి ఎందుకు ఉబ్బుతోందని అడగలేదా ఎవ్వరూ? ఒక మనిషి పొట్ట ఉబ్బితే ఏం తిన్నావురా అని అడుగుతారుగా…

బానెట్ ఎత్తు.

బ్రేక్ ఫ్లూయిడ్ పోసే చిన్న డబ్బా ఉంటుంది, మూత తిప్పు. … మూత కింద నల్లటి రబ్బరు అట్ట ఉంటుంది, పల్చగా, అంచులు మడిచి. అది తీసి చేతిలో పట్టుకో. … ఎలా ఉంది? … అలలు అలలుగానా. … మళ్ళీ మూతలో పెట్టి చూడు. … పట్టడం లేదు కదా. … నొక్కకు. పట్టదు. మూతకన్నా పెద్దదయింది.

సీఫిస్. … సీఫిస్, ఆ అట్టని కింది ఊరాయన కొత్తది వేశాడా? … మొన్న మొన్ననే. … ఊఁ.

ఇప్పుడు ఇంట్లోంచి ఒక గ్లాసు తే. రాకీ సారా తాగే చిన్న గ్లాసు చాలు. సగానికి నీళ్ళు పొయ్. … నాకు పిచ్చి ఎక్కలేదు. తే. … 

ఎవరున్నారు ఇంట్లో? … రోదాంథికి సూపు తాగిస్తున్నాడా నాన్న. … రోజూ ఆయనేనా తాగించేది? … జుట్టు కూడా దువ్వుతాడా. … మనకి అమ్మ పోయాక ఒక్కనాడు దువ్వలేదు నాన్న. సరేలే. గ్లాసు తెచ్చావా.

డబ్బాలోంచి ఒక చెంచాడు తీసి నీళ్ళలో పొయ్. … పోశావా. వేలు పెట్టి కలుపు. … బాగా కలుపు. ఇప్పుడు ఆగు.

మంచి బ్రేక్ ఫ్లూయిడ్ నీళ్ళలో కలిసిపోతుంది. పోసిందీ పొయ్యనిదీ తెలియదు. … నీ గ్లాసులో ఏం కనిపిస్తోంది? …

తేలుతోందా. …

గుండ్రంగా. … పచ్చగా. … ఆకుపచ్చా బంగారు రంగా? … ఊఁ.

వాసన చూడు. … చూడమన్నాను. … సీఫిస్, నువ్వు పుట్టిన దగ్గర్నుంచీ ఆ వాసనలో పెరిగావు. తెలియనట్టు నటించకు. పేరు పెట్టి చెప్పు. …

గట్టిగా. …

ఆలివ్ నూనె.

…లేదు. ఇక్కడే ఉన్నా. కూర్చున్నాను అంతే. స్టూలు మీద కూర్చున్నాను.

రబ్బరుకి ఆ నూనె విషం రా. తగిలిన చోటల్లా ఉబ్బిపోతుంది, మెత్తబడిపోతుంది. ఎవరు బాగుచేసినా, ఎంత కొత్తది వేసినా, ఆ నూనె చుక్క మళ్ళీ పడిందంటే మళ్ళీ మొదటికే వస్తుంది. నేను వేసిన రబ్బర్లకీ అదే అయింది. కొత్తవి, మంచివి. నా చేత్తో వేశాను. అదే చెప్పాను. గొర్రెల దొంగని నిలబెట్టినట్టు నన్ను పునీత జార్జి గుళ్ళో పటం ముందు నిలబెట్టి, కొత్తవి వేశానని ప్రమాణం చెయ్యమన్నారు. చేశాను. మన పద్ధతేంటి? పటాన్ని ముద్దుపెట్టుకుని ప్రమాణం చేసినవాణ్ణి ఇంక ఎవ్వరూ ఏమీ అనకూడదు. పశువుల దొంగకే ఇస్తారు ఆ మర్యాద. మీరు నాకు ఇవ్వలేదు. గుడి మెట్లు దిగుతుండగానే నా వెనక గొణుగుడు మొదలైంది. అన్నే చేశాడు, సొంత మరదల్ని కుంటిదాన్ని చేశాడు అని. తల కొట్టేసినట్టయింది నాకు. అప్పట్నుంచి ఈ షెడ్డుకి ఊళ్ళోంచి ఒక్క బండి రాలేదు. మా ఆవిడ గుడికి వెళ్ళడం మానేసింది.

నువ్వు పోశావా నూనె? … 

నీ పిల్లల మీద ఒట్టా. వద్దు, నమ్ముతాను. నువ్వు బద్ధకస్తుడివి, బానెట్ ఎత్తే రకం కాదు.

రోదాంథి మంచం దిగదు. మిగిలింది ఎవరు? …

చెప్పు. … నాకు తెలుసు, నీ నోటితో చెప్పు. …

తలుపు బందులకి నూనె. కత్తికి నూనె. మోకాళ్ళకి నూనె. కుక్క చెవిలో పురుగు పడితే నూనె. మనకి కడుపునొప్పి వస్తే బొడ్డులో నూనె. గుమ్మం దగ్గర చిన్న కూజా ఎప్పుడూ ఉంటుంది. ఇంకా ఉందా? … అక్కడే. 

ఆయన బండే కదా అది, నీకిచ్చాడు కానీ. పొద్దున్నే లేచి గొర్రెల్ని చూసుకున్నట్టు బానెట్ ఎత్తి చూసుకుంటాడు. …

ఏడవకు. … నువ్వు ఏడవకు, ముందు విను.

ఫోన్ ఆయనకి ఇవ్వు.

… ఎందుకేంటి. మాట్లాడాలి. … లేదు, చెప్పి తీరతాను. … చచ్చిపోతాడా? ఎవరూ చావరు. నేను చచ్చానా? … 

రోదాంథి అంటే ఆయనకి ప్రాణం, తెలుసు. సొంత కూతురు కూడా అలా ఉండదు, తెలుసు. … అందుకే. తెలిసి తాగించనీ ఆ సూపు. … ఆ, అన్నాను. మళ్ళీ అంటాను. తెలిసి తాగించనీ.

ఆదివారం పూజయ్యాక ఊరంతా గుళ్ళో ఉంటుంది. ఆయన్ని పటం ముందుకి తీసుకురా. బానెట్ ఎప్పుడూ ఎత్తలేదని ప్రమాణం చెయ్యమను. చేస్తే చెయ్యనీ. చెయ్యలేకపోతే ఎందుకో చెప్పనీ. నన్ను నిలబెట్టిన చోటే, అదే బండ మీద. …

ముసలాడని నాకు చెప్పకు. నా తండ్రి కూడా. …

బండి సంగతా? రేపు రోదాంథిని ఆ బండిలో ఎక్కించావో, ఈసారి నడుముతో పోదు. అందులో రబ్బరన్నది ఒక్కటి మిగలకూడదు. పైపులన్నీ స్పిరిటుతో కడగాలి. నా బండిలో నేనే తీసుకెళ్తాను ఆమెని, పరుపు వేసి. పొద్దున్నే వస్తాను. అది ఆమె కోసం. నీ కోసం కాదు. … సరే. ఇప్పుడు నాన్నకివ్వు. … ఇవ్వకపోతే నేనే వస్తాను, కాఫీ కొట్లో నిలబడి చెప్తాను. నీకు ఏది నయం? …

ఆ. ఆగుతాను.

…

హలో. నాన్నా. … వార్దిస్‌ని. … వార్దిస్‌ని నాన్నా, నీ పెద్దకొడుకుని. … ఆ, బాగున్నా. … తిన్నాను. … గొర్రెలు ఈనాయా. … మంచిది. … 

ఆ, తమ్ముడే చేశాడు ఫోను. … మాట్లాడుకున్నాం. … కోపం లేదు. … ఈస్టర్‌కా? చూద్దాం. … ఏడుస్తున్నావా నువ్వు? … సంతోషమా. … ఊఁ. …

నాన్నా, ఒకటి అడుగుతాను. పికప్ బానెట్ ఎత్తి చూస్తుంటావా అప్పుడప్పుడూ? … రోజూనా. … నీళ్ళు చూస్తావు. ఇంకా? … బ్రేకు డబ్బా కూడా. దాంట్లో తగ్గితే ఏం చేస్తావు? …

నూనె పోస్తావు. ఏ నూనె? … మన తోటదే. … మొదటి గానుగదా. గుళ్ళో దీపానికని పక్కన పెట్టిన డబ్బాలోదా. … కొట్లో అమ్మే సీసాది పొయ్యలేదా? … అది మందు కంపు కొట్టిందా. నమ్మబుద్ధి కాలేదా. … పారబోశావు. …

మంచిదే పోశావన్నమాట. … అవును, రోదాంథి నడిపే బండి కదా. ఉన్నదాంట్లో మంచిదే పొయ్యాలి. … అవును నాన్నా. …

కూర్చో ఒకసారి. … నిలబడే వింటావా. సరే.

బ్రేకు లోపల రబ్బర్లుంటాయి నాన్నా. చిన్నవి, నీ బొటనవేలంత. ఆ కొట్లో సీసాది వాటికి పాలు లాంటిది. మన నూనె తగిలితే ఉబ్బుతాయి. … ఉబ్బుతాయి. తోలు మెత్తబడ్డట్టు కాదు. అది వేరు. ఇవి ఉబ్బి దారి మూసేస్తాయి. అప్పుడు చక్రాలు పట్టేసి వేడెక్కుతాయి. ఆ వేడికి రబ్బరు చిరిగిపోతుంది. తర్వాత ఓ రోజు కాలు పెడితే పెడల్ నేలకి పోతుంది. ఏమీ ఆగదు. … 

ఎక్కడా? ఎక్కడైనా జరగొచ్చు. దిగుడులో జరుగుతుంది ఎక్కువగా. పశువుల తొట్టి దగ్గర మలుపు ఉందే, అలాంటి చోట. …

అవును. … అదే మలుపు. … అదే రోజు నాన్నా.

…

నాన్నా. … ఉన్నావా. …

సీఫిస్ కాదు. … కింది ఊరి మెకానిక్ కూడా కాదు, అతను వచ్చింది తర్వాతేగా. … నేనా? నేను కాదు. నేను కాదని పటాన్ని ముద్దుపెట్టుకుని చెప్పాను. నువ్వూ అక్కడే ఉన్నావు, స్తంభం పక్కన. నేను నీ వైపే చూశాను. నువ్వు తల దించుకున్నావు. నీ కొడుకు దొంగప్రమాణం చేస్తున్నాడనుకున్నావు. … అనుకున్నావు నాన్నా. ఆ రాత్రి నాతో ఒక్క మాట మాట్లాడలేదు నువ్వు.

నూనె నువ్వు పోశావు. … అంతే. … ప్రేమతోనే పోశావు. ఎవరు కాదన్నారు? ప్రేమతో పోసినా ఉబ్బుతుంది.

ఆదివారం గుళ్ళో చెప్పాలి నువ్వు. అందరి ముందు. … నాన్నా? … 

నాన్నా, మాట్లాడు. … ఎటు పోతున్నావ్? … హలో. … సీఫిస్! ఎవరైనా ఉన్నారా అక్కడ? … బల్ల మీద పెట్టేశారా ఫోను… హలో…

…

ఎవరు? … రోదాంథీ. నువ్వా. ఎలా అందింది నీకు ఫోను? … మంచం పక్కనే పెట్టాడా. … 

విన్నావా. … అంతా విన్నావా. మంచిది. నువ్వూ వినాల్సిందే. నీ నడుము విరగ్గొట్టింది నేను కాదని నీకు ఇప్పటికైనా…

ఏంటి? …

ఎప్పట్నుంచి? …

మళ్ళీ చెప్పు. …

ఆ మలుపులోనే. … బండి జారుతుంటే వాసన వచ్చిందా. … వంటింటి వాసన. పెనం మీద నూనె కాగి పొగలొచ్చే వాసన. … కాలిన చక్రాల్లోంచి. …

అప్పుడే తెలిసిందా నీకు. పైనుంచి పడకముందే. …

ఆసుపత్రిలో కళ్ళు తెరిచేసరికే తెలుసు. నువ్వు ఎవరికీ చెప్పలేదు. … సీఫిస్‌కీ చెప్పలేదు. అతను నా మీద విరుచుకుపడుతుంటే వింటూ పడుకున్నావు. … 

రోదాంథీ, నేను పటం ముందు నిలబడినప్పుడు నిన్ను మంచంతో సహా మోసుకొచ్చి అక్కడే దించారు. పటాన్ని ముద్దుపెట్టుకున్నాను, చూశావుగా. ఊరంతా నవ్వింది. నీ నోటినుంచి ఒక్క మాట వస్తే చాలు. … ఒక్క మాట. … 

ఆయన తట్టుకోలేడా. … నేను తట్టుకుంటానా. … నాకు గట్టి గుండె అని ఎవరు చెప్పారు నీకు?

నేను ఏడ్చాను తెలుసా. ఇక్కడే, ఈ షెడ్డులో, తలుపు వేసుకుని. ఈ వయసులో, గ్రీజు చేతుల్తో మొహం కప్పుకుని ఏడ్చాను. నా తప్పేమో అని కూడా అనిపించింది, ఏ నట్టు వదిలేశానో అని. నిద్రలో కూడా విప్పి బిగించాను ఆ బండిని. నువ్వు తెలిసి, హాయిగా, ఆయన చేతి సూపు తాగుతున్నావు. …

హాయిగా కాదా. సరే. హాయిగా కాదు. నీ నొప్పి నీది. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నా. మిగతావి తీసుకోను.

నేను చేసింది పాపమా? … అను, అను. … నువ్వు అంతకాలం దాచింది నేను ఒక్క ఫోనుతో పాడుచేశాను, అవును. అది నా వీపు మీద దాచావు నువ్వు. నన్నడక్కుండా. …

ఆదివారం మానుకోమంటావా. … ఎందుకు మానుకోవాలి? … 

ఏంటి? … ఆదివారం దాకా ఆగడా? …

ఎక్కడికి వెళ్ళాడు? … కిటికీలోంచి కనిపిస్తున్నాడా నీకు. … వీధిలో. ఎటు? … గుడి వైపు కాదా. … 

ఏ తలుపు? … గుళ్ళో గంట కొట్టే ఆయన ఇంటి తలుపు తట్టాడా. … తీశారా? … ఏం చేస్తున్నాడు? … టోపీ తీశాడా. టోపీ తీసి చేత్తో పట్టుకుని. … నాన్న ఎప్పుడూ టోపీ తీయడు. అమ్మ శవం ముందు తప్ప…

ఏమంటున్నాడు? … కిటికీ తెరువు. తెరిచి విను. … తెరువు రోదాంథీ, చెయ్యందుతుందిగా. …

ఏమన్నాడు? … మెల్లగా చెప్పు. …

"నా పెద్దకొడుకు తప్పు లేదు." … ఇంకా? … "నేను చేశాను." అంతేనా. … వాళ్ళేమన్నారు? … తలుపు వేశారా? … మొహం మీదే వేసేశారా…

ఊఁ. …

ఇప్పుడు ఎటు? … పక్కింటికి. … ఆమె తీస్తుందిలే, ఆవిడకి నోరెక్కువ, ఊరంతా చెప్తుంది. … తీసిందా. … మళ్ళీ అదే మాటా. … అదే మాట. … 

సీఫిస్ ఎక్కడ? … వెనక పరిగెడుతున్నాడా. పట్టుకుని ఇంటికి లాక్కొస్తున్నాడా? … వద్దు. వదిలెయ్యమను. కిటికీలోంచి కేక వెయ్యి, వదిలెయ్యమని. … ఎందుకంటే నేను చెప్తున్నాను కాబట్టి. … విదిలించుకున్నాడా నాన్న. … ఆ. నాన్నే. … 

కాఫీ కొట్టుకి ఎంత దూరంలో ఉన్నాడు? … నిండుగా ఉందా? … పేకాట ఆడుతున్నారా. ఆపారా? … ఆపి చూస్తున్నారా. …

చలిగా ఉందా అక్కడ? … గాలి కూడానా. … కోటు వేసుకున్నాడా? … వేసుకోలేదా. చొక్కాతోనే వెళ్ళాడా. … 

…

ఫర్లేదు. వెళ్ళనీ.

… ఏడవకు నువ్వు. ఏడిస్తే నాకు వినపడదు. కనాకిస్ బయటికొచ్చాడా? … కుర్చీ వేశాడా. కూర్చున్నాడా? … కూర్చోలేదు. నిలబడే చెప్తున్నాడా. … అందరికీ వినపడేలా చెప్తున్నాడా? … గొంతు రావడం లేదా. మళ్ళీ చెప్పమన్నారా. … మళ్ళీ చెప్తున్నాడా. …

ఇక చాలు అనాలా? నేనా? … 

లేదు. ఇంకా చాల్లేదు. … రోదాంథీ, పెట్టెయ్యకు. రేపు పొద్దున్నే వస్తాను, నిన్ను ఆసుపత్రికి తీసుకెళ్తాను, పరుపు వేసి, ఒక్క కుదుపు లేకుండా. ఇప్పుడు మాత్రం పెట్టెయ్యకు. చూసి చెప్తూ ఉండు. … 

కాఫీ కొట్టు దాటాడా? … ఏ వైపు తిరిగాడు? … కింది వీధికా. కింది వీధిలో అన్ని ఇళ్ళకీ వెళ్తున్నాడా, కొన్నిటికేనా? …

రోదాంథీ. … అన్ని ఇళ్ళకీ వెళ్తున్నాడా… 

హలో? … 

హలో…